మొగలిమెరక వంతు

ఫిబ్రవరి 9, ఆదివారం

మా ఆయన కాలు విరిగింది. కాలువ గట్టు మీద ఎండు కొబ్బరిమట్ట మీదికి బండి ఎక్కించి బోర్లా పడ్డారు. అమలాపురంలో ఎముకల డాక్టరు కట్టు కట్టి, మూడు నెలలు మంచం దిగొద్దన్నాడు. "మూడు నెలలా! పంచాయతీ ఎవరు చూస్తారండీ?" అని ఈయన అంత నొప్పిలోనూ లేచి కూర్చోబోయారు. "సర్పంచి మీరాండీ?" అని అడిగాడు డాక్టరు. కొత్తవాడు పాపం. ఈయన తలూపారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను, మందుల సంచీ పట్టుకుని.

తాటిగుంట సర్పంచిని నేను. పంచాయతీ ఆఫీసు బోర్డు మీద భవానీదేవి అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఆడవాళ్ళ సీటు వచ్చిందని నాచేత నామినేషను వేయించారు. గెలిచింది నేను, ఊరందరికీ ప్రెసిడెంటు గారు మాత్రం ఆయన. నాకేం బాధ లేదు. ఉన్నమాట రాసుకుంటున్నాను, అంతే.

అత్తయ్య గారు దిష్టి అన్నారు. నేను మట్ట అన్నాను. ఇద్దరికీ మాటల్లేవు.

ఫిబ్రవరి 13, గురువారం

రేపు మండలాఫీసులో మీటింగు. నేనే వెళ్ళాలట. ఈయన మంచం మీద పడుకుని నాకు పాఠం చెప్పారు.

"మొగలిమెరక వాళ్ళు మన మంచినీళ్ళ చెరువు మీద కన్నేసేరే. రెండూళ్ళకీ ఉమ్మడి పథకం అంటారు. నువ్వు ఏం అడిగినా 'ఊళ్ళో అడిగి చెప్తానండి' అను. సంతకం మాత్రం పెట్టకు."

"ఇంకేమైనా అడిగితేనండీ?"

"ఇంకేం అడుగుతారు నిన్ను?"

నిజమే. నన్ను ఇంకేం అడుగుతారు?

ఫిబ్రవరి 14, శుక్రవారం

వెళ్ళాను, వచ్చాను. సంతకం పెట్టలేదు.

నీళ్ళ శాఖ ఏఈ సాయికుమార్ గారు గోడకి మ్యాపు తగిలించారు. పైన మా తాటిగుంట, కింద సముద్రం పక్కన మొగలిమెరక. పంటకాలువ నీలం గీత, మురుగుకాలువ ఎర్ర గీత. రెండూ మా ఊరు దాటాకే వాళ్ళ ఊరు వెళ్తాయి. మా చెరువుని పెద్దది చేసి, ఫిల్టర్లు కట్టి, అక్కడనుంచి కిందకి పైపు వేస్తే రెండూళ్ళూ ఏడాది పొడుగునా తాగొచ్చట. రెండు పంచాయతీలూ తీర్మానం చెయ్యాలి. మొగలిమెరక ఎప్పుడో చేసేసింది. మా ఊరు చెయ్యకపోతే పథకం లేదు, పైపూ లేదు.

అప్పుడు వెనకనుంచి ఒకావిడ లేచింది. పొడగరి. చిలకాకుపచ్చ చీర, చేతికి మగవాళ్ళ వాచీ. మొగలిమెరక సర్పంచి దానమ్మ. తిన్నగా నా వైపు తిరిగి, "ప్రెసిడెంటు గారండీ" అంది. నేను వెనక్కి తిరిగి చూశాను, ఈయన ఎప్పుడొచ్చారా అని. వెనక గోడ తప్ప ఏమీ లేదు. నన్నే అంటోంది!

"ప్రెసిడెంటు గారండీ, మీ పొలాల మురుగంతా మా గుమ్మం ముందునుంచే సముద్రంలోకి పోద్దండి. ఏనాడూ వద్దన్లేదు. మంచినీళ్ళు మీ గుమ్మం దాటి మా దాకా రావడానికే ఇంత గొడవేంటండీ?"

"ఊళ్ళో అడిగి చెప్తానండి" అన్నాను.

"కువైట్లో పదేళ్ళు ఇళ్ళల్లో పనిచేసేనండి. అక్కడ సముద్రం నీళ్ళల్లో ఉప్పు తీసి ఊరంతటికీ ఇస్తారు. మనకి గోదారి ఉండి కూడా నీళ్ళు కొనుక్కుని తాగుతున్నామండి."

"ఊళ్ళో అడిగి చెప్తానండి."

ఏఈ గారు నవ్వు ఆపుకున్నారు. ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు, ఎవరి మీదో తెలీదు.

ఫిబ్రవరి 15

ఆ దానమ్మకి నోరెక్కువ. చీర రంగు మాత్రం బాగుంది.

ఫిబ్రవరి 27, గురువారం

శివరాత్రి ఉపవాసం, జాగరణ అయ్యాక పొద్దున్న పడుకుందామంటే ఆ దానమ్మ వచ్చింది, ఈయన్ని పరామర్శించడానికి. బత్తాయిలు తెచ్చింది. లోపలికి రమ్మనేలోపే అరుగు మీద కూర్చుంది. అక్కడ గాలి బాగుంటుందంది. స్టీలు గ్లాసులో టీ ఇచ్చాను.

ఈయన కిటికీలోంచి మాట్లాడారు. "నీళ్ళ మాట తప్ప ఏదైనా అడుగు దానమ్మా" అన్నారు. ఆవిడ "ఆయ్, అలాగేనండి. కాలెలా ఉందండి?" అని, కాలు గురించే అడిగింది. ఎప్పుడు లేస్తారు, నొప్పి ఎక్కడ, రాడ్డేమైనా వేశారా. నీళ్ళ ఊసే ఎత్తలేదు. వెళ్తూ వెళ్తూ మాత్రం నాతో, చెప్పులేసుకుంటూ, "మా చెరువు ఓసారి చూద్దురు గాని రండి ప్రెసిడెంటు గారండీ. చూస్తే ఏం పోద్ది" అంది.

"ఏమంటోందే?" అని అడిగారు ఈయన.

"బత్తాయిలు తియ్యగా ఉంటాయంటోందండి."

మార్చి 4, మంగళవారం

మొగలిమెరక వెళ్ళాను. రాజోలులో చుట్టాలింటికని చెప్పి వెళ్ళాను. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, పక్క ఊరు, ఎన్నడూ కాలు పెట్టలేదు. పని పడలేదు మరి.

వాళ్ళ చెరువులో నడుములోతు నీళ్ళు. గట్టు చుట్టూ తెల్లగా ఉప్పు చార, ముగ్గు ఒలికినట్టు. ఎందుకిలా అంటే దానమ్మ చెప్పింది. చెరువు నిండా ఉంటే ఆ బరువుకి అడుగునున్న ఉప్పునీరు పైకి ఊరదు. సగమే నిండితే ఊరుతుంది. ఏటా వేసవికి కాలువ కట్టేసే ముందు అన్ని ఊళ్ళూ చెరువులు నింపుకుంటాయి కదా, పై ఊళ్ళు నింపుకున్నాక మిగిలింది వీళ్ళకి. మేము వంతెన దగ్గర కాలువకి అడ్డుకట్ట వేసి, నీటి మట్టం లేపి మా తూములోకి మళ్ళించుకుంటాం. ఏటా వేస్తాం. కట్ట తీసేలోపు కాలువ కట్టేస్తారు. ఇది నాకు తెలిసిన సంగతే. తెలియడం వేరు, ఆ చార చూడడం వేరు.

ఆ నీళ్ళతోనే వంట. కొనగలిగినవాళ్ళు తాగడానికి డబ్బాలు కొంటారు. మంగాయమ్మని ఒక ముసలావిడ, దానమ్మకి పక్కింటావిడ, నా చెయ్యి పట్టుకుని, "మా పిల్లలకి ఉప్పు నీళ్ళే అలవాటైపోయాయమ్మా, మీ ఊళ్ళో చుట్టరికాలకెళ్తే నీళ్ళు బాలేవంటారు" అని నవ్వింది. ఆవిడ నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చింది. అక్కడ ఏడవలేదు.

దానమ్మ టీ పెడితే పాలు విరిగిపోయాయి. ఉప్పుకి. మళ్ళీ డబ్బా నీళ్ళతో పెట్టింది. తాగాను. ఎండకి దాహం వేసింది కాబట్టి తాగాను. ఇంట్లో చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

మార్చి 11

దానమ్మ ఫోను. ఊరికే. అరగంట మాట్లాడింది. కువైట్లో ఆవిడ యజమానురాలికి చేపల పులుసు నేర్పిందట. నవ్వలేక చచ్చాను. అత్తయ్య గారు తొంగి చూస్తే ఏఈ గారని చెప్పాను.

మార్చి 20, గురువారం

ఇవాళ నేను ఒక పని చేశాను. మంచిదో చెడ్డదో తెలియడం లేదు. వివరంగా రాసుకోవాలి.

మళ్ళీ మీటింగు. పైపు మాట తర్వాత, ముందు ఈ వేసవి గడవాలి, చెరువులు ఎవరు ముందు నింపుకోవాలి అని ఏఈ గారు అడిగారు. మా ఊరినుంచి వార్డు మెంబరు రాఘవులు గారు కూడా వచ్చారు. ఈయనే పంపించారు, నాకు తోడుగా. కాపలాగా అని నా అనుమానం.

"పై ఊరు ముందండి. ఎప్పుడూ అంతేనండి. నీరు పల్లమెరుగు, దేవుడే అలా పెట్టేడు" అన్నారు రాఘవులు గారు.

"నీరు పల్లమెరిగితే ఇంక మీరు కట్టెందుకు వేస్తారండీ?" అంది దానమ్మ.

అందరూ నవ్వారు. రాఘవులు గారికి కోపమొచ్చింది. మాటా మాటా పెరిగింది. రొయ్యల చెరువుల నీళ్ళు కాలువలోకి వదిలేదెవరు అన్నదాకా పోయింది. మేం కాదంటే మేం కాదన్నారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం!

అప్పుడు నా నోరు నా చేతిలో లేదు. లేచి నిలబడ్డాను. "కనుమ నాడు మన తోటలో ప్రభల తీర్థానికి ఏ ఊరి ప్రభ ముందు నిలబెడతామండీ రాఘవులు గారూ?" అన్నాను.

"దూరపు ఊరిదండి వదిన గారూ."

"అంటే?"

"మొగలిమెరకదండి. మనది ఆఖరునండి. తోట మనది కదండీ మరి, ఇంటివాళ్ళం ముందు నిలబడితే ఏం బాగుంటాది..." అని, అక్కడ ఆగిపోయారు.

మా ముత్తాతలనాటినుంచీ ఉన్న పద్ధతి. దూరంనుంచి భుజాల మీద మోసుకొచ్చిన దేవుడి ప్రభ ముందు నిలుస్తుంది, ఇంటి ఊరి ప్రభ అందరూ వచ్చాక వస్తుంది. దాని గురించి ఎవరూ ఎన్నడూ దెబ్బలాడుకోలేదు. "కాలువ కూడా మనదే కదండీ, మన ఊళ్ళోంచే వస్తోంది. మరి దూరపు ఊరు ముందు నింపుకోవాలి" అన్నాను. బల్ల పట్టుకున్నాను.

రాఘవులు గారు కాదనలేకపోయారు. తీర్థం పద్ధతి తప్పంటే ఊళ్ళోకి రానివ్వరు. దానమ్మ వెంటనే అందుకుంది. "మా వంతు ఎన్నాళ్ళో మీరే చెప్పండి. గడువు రోజు పొద్దుటికి మా తూము తలుపు దించేస్తాం. నిండినా నిండకపోయినా" అంది. ఏఈ గారు కూర్చుని ఇంకో రెండు షరతులు రాయించారు. కాలువ పక్కన కొత్త రొయ్యల చెరువుకి ఏ పంచాయతీ ఒప్పుకోకూడదు. మురుగుకాలువలో గుర్రపుడెక్క రెండూళ్ళూ కలిసి తీయించాలి.

సంతకం పెట్టాను. నా సంతకం ఇంత బాగుంటుందని నాకే తెలీదు.

మార్చి 21

ఈయన మాట్లాడడం లేదు. కంచం నేను పెడితే అత్తయ్య గారి వైపు చూసి తింటున్నారు.

మార్చి 24

ఇంకా లేదు. మంచిదే, ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఎలాగూ ఆ కట్టు విప్పేదాకే కదా. తర్వాత ఆయన పంచాయతీ ఆయన చూసుకుంటారు. నాకు వంటింట్లో బోలెడు పని.

ఏప్రిల్ 10, గురువారం

ఒళ్ళంతా నొప్పులు. అయినా రాయాలి.

కాలువ పదిహేనున కట్టేస్తారు. మొగలిమెరక వంతు నడుస్తోంది. పొద్దున్న ఏఈ గారు ఫోను చేసి, నిన్నటినుంచీ నీళ్ళు కిందకి దిగడం లేదండీ అన్నారు. ఆటో ఎక్కి వంతెన దగ్గరికి వెళ్ళాను. ఇసుక బస్తాలు, కొబ్బరి దుంగలు, తాటాకులు. ఏటా వేసే చోటే, ఏటా వేసినట్టే, చక్కగా అడ్డుకట్ట! రాఘవులు గారు గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డారు, పక్కన పదిమంది మగాళ్ళు.

"ఇదేంటండీ?"

"ప్రెసిడెంటు గారు వెయ్యమన్నారండి వదిన గారూ."

"నేనెప్పుడు వెయ్యమన్నాను?"

ఆయనకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. పక్కవాళ్ళు నేల చూపులు చూశారు. "అది కాదండీ, మీ వారు, త్రిమూర్తులు గారు ఫోను..." అని నసిగారు.

"తాటిగుంట ప్రెసిడెంటు ఎవరో ఆఫీసు బోర్డు మీద ఉంది. చదువుకుని రండి. ఈలోగా బస్తాలు తీయించండి."

ఎవరూ కదల్లేదు. కోపమొస్తే నాకు కళ్ళు కనపడవు. కొంగు దోపుకుని కాలువలోకి దిగాను. బస్తా పట్టుకుని లాగాను. అది కదిలితేనా! కాలు జారి, నీళ్ళల్లో చతికిలబడ్డాను, మెడ దాకా. అంత సిగ్గు జన్మలో లేదు. కానీ అక్కడే కూర్చున్నాను. లేస్తే ఓడిపోతానని తెలుసు.

"వదిన గారూ, పైకి రండి, బాగోదండి" అంటూ రాఘవులు గారు గొడుగు పడేశారు.

"బస్తాలు తీస్తే వస్తాను."

"జలుబు చేస్తాదండి!"

"చెయ్యనివ్వండి."

ఊరి పెద్దింటి కోడలు కాలువలో కూర్చుంటే చూస్తూ నిలబడ్డం వాళ్ళవల్ల కాలేదు. పదిమందీ దిగారు. అడ్డు తీస్తుంటే నీరు నన్ను కూడా పల్లానికి తోసింది. ఇద్దరు పట్టుకుని గట్టు మీదికి లాగారు.

తడిచీరతో నడిచి ఇంటికొచ్చాను. "ఎక్కడ తడిసేవే?" అన్నారు ఈయన, మార్చి తర్వాత మొదటిసారి. "మీరు కట్టించిన కట్ట దగ్గరండి" అన్నాను. ఇంక ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు.

ఏప్రిల్ 12

జలుబు చేసింది. రాఘవులు గారి నోటివాక్కు.

ఏప్రిల్ 13, ఆదివారం

దానమ్మ గారు నిన్న తూము దించేసింది. మాట ఇచ్చిన రోజు అదే. కానీ మా కట్టవల్ల ఒకటిన్నర రోజు నీళ్ళు వాళ్ళకి అందలేదు కదా. చెరువు నిండడానికి ఇంకా జానెడు ఉందట. వాళ్ళ ఊరివాళ్ళు గొడవ చేశారట, నీళ్ళు పోయింది తాటిగుంటవల్లే కాబట్టి ఇంకో రోజు తీసుకుందాం అని. న్యాయమే. నేనైతే తీసుకునేదాన్ని.

"ఆవిడ వెళ్ళి తూము మీద కూర్చుందండి, ఎవరూ ఎత్తకుండా" అన్నారు ఏఈ గారు ఫోనులో. "మీరు నీళ్ళల్లో కూర్చున్నారు, ఆవిడ తూము మీద కూర్చుంది. నా సర్వీసులో ఇలాంటి సర్పంచుల్ని చూళ్ళేదండి."

నన్నూ ఆవిడనీ ఒక లెక్కలో కట్టారు. ఎంత తప్పు! నేను కోపంతో కూర్చున్నాను. ఆవిడ మాటకోసం కూర్చుంది. ఊరంతా ఎదురు తిరిగితే, న్యాయం తమవైపే ఉన్నా, ఎదుటివాళ్ళు మోసం చేశాక కూడా. అలాంటి మనిషి నాకు తెలిసుండడం నా అదృష్టం. ఈ మాట ఎవరితోనూ అనలేను, ఇక్కడ రాస్తున్నాను.

ఫోను చేశాను. తప్పయిపోయిందండీ అందామని. "జలుబు ఎలా ఉందండీ? మిరియాల చారు తాగండి" అని పెట్టేసింది.

ఏప్రిల్ 16

కాలువ కట్టేశారు. మా చెరువూ అంచుదాకా రాలేదు, అడుగు తక్కువ. వీధిలో వెళ్తుంటే వెనక మాటలు వినపడుతున్నాయి. కొన్ని ఇక్కడ రాయదగ్గవి కావు.

ఏప్రిల్ 25, శుక్రవారం

దానమ్మ గారు వచ్చింది. అరుగు మీద కూర్చుంది. ఎండ అక్కడిదాకా వచ్చింది, గాలి లేదు. గాలి బాగుందనే అంది.

మొగలిమెరకలో కొత్త గొడవట. చెరువు నీళ్ళు మంచివి కావని ఊరు ఊరంతా ఆవిడ మీదికి వచ్చారట. పప్పు చప్పగా ఉంది, చారు చప్పగా ఉంది, అన్నం కూడా చప్పగా ఉంది, ఈ నీళ్ళల్లో ఏదో కలిపేరు అని. ఆఖరికి మంగాయమ్మ గారు కనిపెట్టిందట. ఇన్నేళ్ళూ నీళ్ళల్లోనే ఉప్పు ఉండేది కాబట్టి కూరల్లో వేసేది సగమే. చేతులకి ఆ కొలతే అలవాటు. నీళ్ళు మారాయి, చేతులు మారలేదు!

"ఊరంతా తిరిగి ఒక్కో ఇంట్లో ఉప్పు ఎంతెయ్యాలో చెప్పి వచ్చేనండి. ఇది కూడా సర్పంచి పనేనాండి?" అని ఆవిడ పడీ పడీ నవ్వింది. లోపల ఈయన కూడా నవ్వారు. నేను విన్నాను. వెంటనే దగ్గు కింద మార్చారు.

మే 4, ఆదివారం

మధ్యాహ్నం ఉన్నట్టుండి చీకటి. గాలి, వాన, పిడుగులు. దాళ్వా కోతలు ఇంకా అవ్వలేదు. మా పల్లపు చేలో కోసిన వరి పనలు పరిచి ఉన్నాయి.

మే 5, సోమవారం

చేలో మోకాలి లోతు నీళ్ళు. ఒక్క మాది కాదు, తాటిగుంట పల్లమంతా. మురుగుకాలువ లాగడం లేదు. కింద ఎక్కడో గుర్రపుడెక్క పట్టేసింది. కలిసి తీయిద్దాం అని రాసుకున్నాం, వర్షాలు జూన్‌లో కదా అని కూర్చున్నాం. ఈయన కిటికీ దగ్గర మంచం వేయించుకుని చేలవైపే చూస్తున్నారు. రెండు రోజులు నానితే మొలకలొస్తాయి. అన్నం ముట్టలేదు. ఎంత కోపమున్నా రైతు మొహం అలా ఉంటే చూడలేం.

దానమ్మ గారికి ఫోను చెయ్యడానికి నాకు మొహం లేదు.

మే 6, మంగళవారం

తెల్లవారి చూస్తే చేలో నీళ్ళు లేవు! గట్లు బయటపడ్డాయి. మా గ్రామదేవత వరాలమ్మే చెయ్యి పెట్టి తోడేసినట్టు. నేనే నమ్మలేదు. ఈయన పిలిచి, "ఏమే, నాకేనా అలా కనపడుతోంది?" అని అడిగారు.

రాఘవులు గారు పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పారు. నిన్నంతా మొగలిమెరక మగాళ్ళు వాళ్ళ వంతెన కింద మురుగులో దిగారట. కొడవళ్ళతో గుర్రపుడెక్క కోసి, తాళ్ళు కట్టి ఒడ్డుకి లాగారట. దానమ్మ గారు వాన తగ్గగానే ఇంటింటికీ వెళ్ళి పోగు చేసిందట. రాఘవులు గారు సంగతేమిటో చూసొద్దామని సాయంత్రం వెళ్ళి, చూస్తూ నిలబడలేక తనూ దిగారట. పంచె నిండా బురద.

"వాళ్ళకి మనం ఫోను చేసేమా?" అన్నారు ఈయన.

"లేదండి" అన్నాను.

"మరెవరు చెప్పేరు?"

"ఎవరూ చెప్పలేదండి. అడక్కుండానే దిగేరు" అన్నారు రాఘవులు గారు.

ఈయన కిటికీలోంచి మళ్ళీ చేల వైపు చూశారు. తర్వాత, "ఆ కట్ట నేనే వెయ్యమన్నానని ఆవిడకి తెలుసా?" అని అడిగారు. తెలుసండీ అన్నాను. ఆయన కళ్ళు తుడుచుకున్నారు. నేను పెరట్లోకి వెళ్ళిపోయాను. ఆయనకి అది ఇష్టం ఉండదు, ఎవరైనా చూడ్డం.

మే 9

దానమ్మ గారు ఇవాళ లోపల కూర్చుంది. హాల్లో, ఫ్యాను కింద, కుర్చీలో. రండి అన్నాను, వచ్చింది. అంతే. అత్తయ్య గారు మజ్జిగ ఇచ్చారు. ఏమీ కాలేదు. ఇన్నాళ్ళూ ఎందుకు అనలేదో నాకు తెలుసు. రాయను.

మే 17, శనివారం

ఈయన కట్టు విప్పారు. కర్రతో నడుస్తున్నారు. అయిపోయింది, ఇంక నాకు తీరిక. గ్రామసభ జూన్ రెండో తారీకున పెట్టాను, ఉమ్మడి పథకం తీర్మానానికి. ఆ ఒక్కటీ అయ్యాక అన్నీ ఆయనకి అప్పజెప్పేస్తాను.

మే 29

గ్రామసభలో ఏం మాట్లాడాలో అద్దం ముందు చెప్పుకున్నాను. పనిమనిషి చూసి జ్వరమొచ్చిందా అమ్మా అంది.

ఈయన ఎటువైపో అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఊళ్ళో సగం మంది ఆయన మొహం చూసి చెయ్యెత్తేవాళ్ళే. చెరువు అడుగంటుతోంది. అందరి కోపం నా మీదే ఉంది. ఓడిపోతే దానమ్మ గారికి ఏం చెప్పను?

జూన్ 2, సోమవారం

స్కూలు ఆవరణలో సభ. ఇంతమంది వస్తారనుకోలేదు. ఈయన కర్ర పట్టుకుని వచ్చి, ముందు వరసలో కుర్చీ వేస్తే కూర్చోకుండా, వెనక్కి వెళ్ళి గోడ పక్కన నిలబడ్డారు.

ఒకాయన లేచి, మన చెరువే నిండలేదు, మనకే చాలవు, పక్కూరికి పైపేంటండీ అన్నాడు. చప్పట్లు పడ్డాయి. అద్దం ముందు చెప్పుకున్నదంతా మర్చిపోయాను.

"మన చెరువు అడుగు తక్కువ నిండిందండి. నిజమే. వాళ్ళది జానెడు తక్కువ నిండింది, మనం చేసిన పనివల్ల. ఆ జానెడూ తీసుకునుంటే మనకి రెండడుగులు తగ్గేది. తీసుకోలేదు. మీ ధాన్యం ఇవాళ మిల్లులో ఉందా, చేలో మొలకెత్తిందా? దాని సంగతి కూడా మీకే తెలుసు. చెరువు పెద్దదైతే మనకీ చాలుతుంది, వాళ్ళకీ చాలుతుంది. నేను దానమ్మ గారికి మాటిచ్చేనండి. ఇంక మీ ఇష్టం" అన్నాను. నీళ్ళు తాగాను.

ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి అన్నారు పంచాయతీ సెక్రటరీ గారు. నేను తల దించుకుని బల్ల వైపే చూస్తూ కూర్చున్నాను. వెనక గోడ వైపు చూసే ధైర్యం లేదు. సెక్రటరీ గారు లెక్కపెట్టారు, మధ్యలో తప్పి మళ్ళీ మొదలెట్టారు. లెక్క తేలేసరికి నా చేతివేళ్ళు తిమ్మిరెక్కాయి. తీర్మానం గట్టెక్కింది. ఎంతమంది అన్నది కూడా చెప్పారు, నాకు వినపడలేదు.

ఇంటికి నడిచి వస్తున్నాం. ఈయన కుంటుతూ, ఒక చేత్తో రెండో భుజం నొక్కుకుంటున్నారు.

"ఆ సెక్రటరీకి ఒంట్లు లెక్కపెట్టడం రాదేంటే? చెయ్యెత్తి ఎత్తి భుజం లాగేసింది."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "దించెయ్యాల్సిందండి" అన్నాను.

"దించితే లెక్కలో పోద్దని భయమేసిందే" అన్నారు.

ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా దానమ్మ గారికి ఫోను చేశాను. ఎత్తగానే నాలుగు మాటలు ఆవిడే అంటుంది ఎప్పుడూ. ఇవాళ "ఆయ్" అని ఊరుకుంది. చెప్పాను. తాటిగుంట ఒప్పుకుందండీ అన్నాను. చప్పుడు లేదు. దానమ్మ గారూ అన్నాను. చప్పుడు లేదు. అంత నోరున్న మనిషికి మాట పోయింది.

తర్వాత ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడు. దూరంగా ఆవిడ గొంతు, వీధిలోకి పరుగెడుతూ, "మంగాయమ్మత్తా! ఒప్పేసుకున్నారు! తాటిగుంట ఒప్పేసుకుంది!" అని. తలుపుల చప్పుళ్ళు, అరుపులు, ఎవరో పళ్ళెం మోగించడం, పిల్లల కేకలు. ఎవరో పెద్దగా ఏడుస్తున్నారు. ఆవిడే అనుకుంటాను. ఫోను కట్ చెయ్యడం అక్కడ ఎవరికీ గుర్తులేదు. నాకు చెయ్యాలనిపించలేదు. చెవికి ఆనించుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను.

"ఫోనులో ఎవరే అంతసేపు?" అని అడిగారు ఈయన.

"మొగలిమెరక అండీ" అన్నాను.